కాలము – వాక్కు



కొలొస్సీ పట్టణమందలి చిన్న సంఘమునకు పౌలు వ్రాసిన లేఖలో, నాలుగవ యధ్యాయమునందలి ఐదవ వాక్యమును ఆరవ వాక్యమును నేడు మనకు విచారణీయములు. మొదటిదానియందు, సంఘమునకు వెలుపల నున్న జనుల యెడల బుద్ధిమంతులై మెలగుడనియు, సమయమును వెలయిచ్చి దక్కించుకొనుడనియు ఆయన బోధించెను. రెండవదానియందు, మన పలుకు దయగలిగి, ఉప్పు పడిన వంటకమువలె నుండవలెననియు, ఎవరికి ఏ రీతి ప్రత్యుత్తర మీయదగునో మన మెరుగవలెననియు చెప్పెను.

ఈ రెండు వాక్యములను మనము తరచుగా విడదీసి వినుచున్నాము. కాలమును గూర్చిన బోధ యనగా సోమరితనమును మానుమనుట. వాక్కును గూర్చిన బోధ యనగా చాడీలను, బూతులను మానుమనుట. ఇవి మంచి బోధలే. కాని ఇంతతో నిలిచినచో బోధకుని యభిప్రాయములో సగమే మనకు దక్కును. ఆయన కాలమును వాక్కును ఒక్కచోట చేర్చి చెప్పుటకు హేతువు కలదు. మనుష్యుడు తన కాలమును తాను పాడుచేసికొనుట యొక నష్టము. తన మాటచేత పరుని కాలమును హరించుట యంతకంటె ఘోరమైన దోషము. మొదటిదానికి మనము సిగ్గుపడుదుము. రెండవదానిని దోషమనియే యెంచము. ఈ సంగతియే నేటి నా ప్రసంగమునకు విషయము.

గ్రీకు భాషలో కాలమునకు రెండు మాటలు ప్రసిద్ధములు. "ఖ్రోనోస్" అనునది గడియారము కొలుచు కాలము. "కైరోస్" అనునది తగిన వేళ. పౌలు ఇచ్చట వాడినది రెండవ మాట. దానికి సరియైన తెలుగు మాట గుంటూరు, ఒంగోలు సీమల రైతు నోట నిత్యము పలుకుచునే యున్నది. ఆ మాట "అదను." నల్లరేగడి నేలపై వాన కురిసిన పిమ్మట పదును ఆరకమునుపే పత్తి గింజ భూమిలో పడవలెను. పండిన మిరపకాయను కోయుట యాలస్యమైనచో దాని రంగు చెడును. కళ్లములో నెండుచున్న కాయమీద వాన పడినచో అది తాలుకాయ యగును. అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు అని మన పెద్దలందురు. గడియారపు కాలము పోయినచో రేపు మరల ఇరువదినాలుగు గంటలు వచ్చును. అదను పోయినచో ఆ యేడు పోయినట్లే.

వెలయిచ్చి దక్కించుకొనుట యని నేను చెప్పిన క్రియయు సంతనుండి పుట్టినదే. గ్రీకు మూలమున ఆ పదములో "అగోరా" అను మాట యిమిడియున్నది. అగోరా యనగా పట్టణపు సంతబయలు. మంచి సరకును చూచిన వర్తకుడు అది పరుల పాలు గాకమునుపే కొనినట్లు, అదనును కొనుమని భావము. అది ఉచితముగ వచ్చునది కాదు. కొంత సుఖమునో, కొంత లాభమునో, కొంత యహంకారమునో వెలగా నీయనిదే అదను మన చేతికి రాదు. ఈ లేఖ వ్రాయునాటికి పౌలు సంకెళ్లలో నుండెను. తన దినములు తన చేతిలో లేనివాడు సమయముయొక్క వెలను గూర్చి చెప్పుచున్నాడు. అట్టివానికే దాని వెల బాగుగ తెలియును.

తమ దినములు తమ చేతిలో లేనివారు ఈ సీమయందును పెక్కు తరములు జీవించిరి. అమెరికా బాప్తిస్టు మిషనరీయగు జాన్ క్లౌ 1866లో ఒంగోలునకు వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో అచ్చట సంఘ మేర్పడెను. తరువాత దానియందు చేరినవారిలో మాదిగలు మిక్కిలి యధికులు. రైతులకు చెప్పులు కుట్టుట, బావినీరు తోడు తోలుబానలు సమకూర్చుట, ఊరి పండుగలలో డప్పు వాయించుట, పిలిచినప్పుడెల్ల వెట్టికి పోవుట వారికి విధింపబడిన పనులు. సంఘమున చేరినవారు మూడు నియమములు పాటింపవలసి యుండెను: విగ్రహములను కొలువరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, ఆదివారమున పని చేయరాదు. ఈ మూడవ నియమము పెక్కు గ్రామములలో పెద్ద కలహమునకు కారణమయ్యెను. ఏలయన, ఆ కాలమున మాదిగల దినము మాదిగలది కాదు, అది ఊరిది. ఏడు దినములలో ఒక దినము నాది యనుట తిరుగుబాటుగ నెంచబడెను. వారు గ్రామపెద్దల కోపమునకోర్చి ఆ యొక్క దినమును దక్కించుకొనిరి. వెలయిచ్చి కొనుట యను పౌలు మాటకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము నే నెరుగను. నేడు మన రాజ్యాంగముయొక్క 23వ యధికరణము వెట్టిని నిషేధించుచున్నది. కట్టుబానిసత్వమును రద్దు చేయుచు 1976లో ప్రత్యేక శాసనము వచ్చినది. శాసనము పుట్టుటకు నూరేండ్లకు మునుపే చదువురాని కూలిజనము ఆ సూత్రమును బ్రతికి చూపిరి.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు ఈ దేశమును పీడించెను. క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును త్రవ్వించు పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. బోధకులే ఆ పనికి మేస్త్రీలైరి. త్రవ్వువారు అలసి కూర్చుండిన వేళ బోధకులును వారి నడుమ కూర్చుండి, బరువు మోసి సొలసినవారిని యేసు తనయొద్దకు పిలిచి విశ్రాంతి నిచ్చునను సంగతిని చెప్పుచుండిరి. సోదరులారా, ఆ దృశ్యమును మనస్సున నుంచుకొనుడు. పార దించిన చేతికి ఒక గడియ విశ్రాంతి. ఆ గడియలో మేస్త్రీ నోట తిట్టునకు బదులు ఆదరణవాక్యము. కాలమును వాక్కును ఒక్కచోట సద్వినియోగమగుట యనగా ఇదియే.

మరియొక విశేషము కలదు. కరవు సహాయము జరుగుచున్నంత కాలము క్లౌ బాప్తిస్మములను నిలిపివేసెను. కూటికొరకు చేరిరను మాటకు చోటుండరాదని ఆయన తలంపు. ఆ సహాయము ముగింపునకు వచ్చిన పిమ్మటనే, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను చెప్పుకొని మురియువారు పెక్కురు. నాకు మాత్రము సంఖ్యకంటె దానికి ముందు గడిచిన నిరీక్షణయే గొప్పదిగ తోచుచున్నది. పరుని కష్టకాలమును మన పక్షమునకు లాభముగ మార్చుకొనక వేచియుండుటయు కాలమును వివేకముతో వాడుటయే.

ఇక వాక్కును గూర్చి విచారింతము. ఒక దస్తావేజులోని వాక్యమునకు అర్థము చెప్పవలసి వచ్చినపుడు దానికి ముందు వెనుకల నున్న వాక్యములను కూడ చదువుట మా న్యాయవాదుల పద్ధతి. ఆ పద్ధతిని ఇచ్చట నవలంబింపుడు. అధ్యాయముయొక్క మొదటి వాక్యము యజమానుల నుద్దేశించినది. దాసులకు న్యాయముగ రావలసినదానిని ఈయవలెననియు, యజమానులకును పరలోకమున ఒక యజమానుడు కలడనియు దాని తాత్పర్యము. తొమ్మిదవ వాక్యమున ఈ లేఖతోకూడ పంపబడుచున్న ఒనేసిము పేరు వచ్చును. ఫిలేమోనునకు వ్రాయబడిన మరియొక లేఖనుబట్టి ఇతడు దాసుడని తెలియుచున్నది. అయినను కొలొస్సయులకు అతనిని పరిచయము చేయునపుడు పౌలు దాసుడని యనలేదు. నమ్మదగినవాడనెను, ప్రియమైన సోదరుడనెను, మీలోనివాడే యనెను. ఉప్పు పడిన మాట ఎట్లుండునో ఆయన మూడు వాక్యముల పిమ్మటనే తానే పలికి చూపెను.

కాబట్టి ఒక ప్రక్క యజమానుల న్యాయమును, మరియొక ప్రక్క దాసుని సోదరత్వమును ఉండగా, ఆ రెంటి నడుమ నిలిచినవి మన వాక్యములు. వానిని ఆ చోటినుండి పెరికి, త్వరగా నిద్ర లేవుడు, మెల్లగ మాటలాడుడు అను మర్యాదసూత్రములుగ మార్చుట వానిలోని ఉప్పును కడిగివేయుటయే.

మన తెలుగున పిలుపునకు ఎన్ని మెట్లున్నవో ఎరుగనివారు లేరు. దయచేయుడు, రండి, రా, రారా! ఇంటిలో ముసలివానిని తాతయ్యా యనియు, పొరుగు స్త్రీని అత్తయ్యా, అక్కయ్యా యనియు పిలుచు నోరే చేనిలో మిరపకాయలు కోయు వృద్ధురాలిని "ఒసే" యని కేకవేయును. తండ్రి వయస్సుగల పాలేరును మీసము మొలవని బాలుడు "ఒరే" యని పిలుచుట పూర్తిగ గతించెనని మన మింకను చెప్పజాలము. ప్రభువుబల్లయొద్ద ఒక్క రొట్టెను పంచుకొని, వీథిలోనికి వచ్చినంతనే కులమునుబట్టి రెండు పిలుపులు పిలుచువారి ప్రార్థన ఎవరికి చేరును? సంఘమునకు వెలుపలివారి యెడల వివేకము కలిగియుండుమని పౌలు చెప్పెను. వెలుపలివారు మన విశ్వాసప్రమాణమును చదువరు. మన పిలుపును విందురు.

మాటకు తగిన ప్రత్యుత్తర మెరుగనిచో ఏమి సంభవించునో ఈ సీమకు తెలియును. 1985 జూలై 17వ తేదీన, నాటి ప్రకాశము జిల్లాలోని కారంచేడులో ఆరుగురు దళితులు చంపబడిరి. త్రాగు నీటి చెరువును మురికి చేయవద్దని ముందునాడు దళితులు పలికిన మాట ఆ కలహమునకు మొదలు. అది న్యాయమైన మాట. విను చెవి యున్నచో ఒక్క గడియలో ముగియదగిన సంగతి. దానికి దయతోగూడిన ప్రత్యుత్తరము రాలేదు. మరునాడు కత్తులు, గొడ్డళ్లు వచ్చెను. బ్రతికినవారు చీరాలకు పోయి చర్చి ఆవరణమున తలదాచుకొనిరి. ఆ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది 2008లో. ఇరువదిమూడు సంవత్సరములు! ఒక్క గడియలో ఈయవలసిన ప్రత్యుత్తరమును ఈయనందున ఒక తరముయొక్క కాలము హరింపబడెను.

పౌలు ఉప్పునే యేల యుపమానముగ దీసికొనెను? మన సముద్రతీరమున చినగంజాము ఉప్పుమడులను చూచినవారికి ఒక సంగతి తోచును. సముద్రపు నీటిని మడిలో నిలిపి, ఎండకు ఇగురనిచ్చి, నీరు పోయినపిదప నిలిచినదానిని ప్రోగు చేయుదురు. మన మాటయు నట్లే కొంతసేపు నిలువవలెను. ఆవేశము ఇగిరిపోయిన పిమ్మట మిగులు సత్యమునే పలుకవలెను. ఉప్పు తీపి కాదు. కావున దయగల మాట యనగా ముఖప్రీతి మాట కాదు. ఉప్పు కారమును కాదు. మన సీమ మిరపకాయకు దేశదేశముల పేరున్నది. ఆ కారము కళ్లములో నుండుట మేలు, నాలుకపై నుండుట మేలు కాదు.

ఇక నిత్యజీవనమునకు వత్తము. ఒకప్పుడు మన ఊళ్లలో ఇంటి తలుపులపై "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసికొనిరి. దయ్యము వచ్చి, ఆ వ్రాతను చదివి, తిరిగిపోవునని వారి నమ్మకము. మనము దానికి నవ్వుదుము. కాని ఆ వ్రాత తలుపులపై చెరిగి మన నాలుకలపై నెక్కినదని నాకు తోచుచున్నది. కూలి డబ్బులకై వచ్చిన స్త్రీతో ఆసామి రేపు రమ్మనును. సరకు నమ్మి సొమ్మునకై వచ్చిన రైతుతో వర్తకుడు రేపు రమ్మనును. ధ్రువపత్రమునకై వచ్చిన వృద్ధునితో కచ్చేరి గుమాస్తా రేపు రమ్మనును. సాక్షులు పనులు మానుకొని కోర్టు వరండాలో పగలంతయు కూర్చుండగా, మా వృత్తివారు వాయిదా పుచ్చుకొని, మరల రండని చెప్పి వెడలిపోవుదురు. దయ్యమునకు చెప్పదగిన మాటను దరిద్రునకు చెప్పుచున్నాము.

చెప్పువానికి అది రెండు మాటలు. వినువానికి ఒక దినము. బస్సు ఖర్చు, పోయిన కూలి, ఇంటివద్ద ఎదురుచూచు పిల్లల యాకలి ఆ రెండు మాటలలోనే యున్నవి. అందుచేతనే మోషే ధర్మము కూలివాని కూలి తెల్లవారువరకు నీయొద్ద నుండరాదనియు, సూర్యుడస్తమింపకమునుపే ఈయవలెననియు లేవీయకాండమున, ద్వితీయోపదేశకాండమున రెండుమారులు శాసించెను. చేతిలో నున్నపుడు పొరుగువానిని రేపు రమ్మని పంపరాదని సామెతల గ్రంథము మూడవ యధ్యాయమున చెప్పుచున్నది. కూలిని బిగబట్టినచో ఆ కూలియే మొరపెట్టునని యాకోబు తన లేఖలో హెచ్చరించెను. ఇన్నిచోట్ల ఇంత గట్టిగ చెప్పబడినదానిని మనము చిల్లర విషయముగ నెంచుట వింత కాదా?

మాట పరుని కాలమును హరించు మరియొక మార్గము అసత్యము. విత్తనపు సంచిపై నచ్చువేసిన పేరును ఒక మాటయే. ఆ మాట కల్ల యైనచో, నమ్మి విత్తిన రైతు నెలల తరబడి నీరు పెట్టి, ఎరువు వేసి, తుదకు కాపులేని చేను గట్టున నిలుచును. పోయినది సొమ్ము మాత్రమే యైన అప్పు చేసియైన పూడ్చుకొనవచ్చును. పోయిన అదనును ఏ బ్యాంకు అప్పిచ్చును? 1987–88లో ఈ రెండు జిల్లాలలో పత్తి పురుగుపాలై, అప్పుల బరువునకు తాళలేక రైతులు ప్రాణములు తీసికొనిరి. మందుపై మందు కొట్టగా పురుగు మందునకు లొంగనిదయ్యెను. అట్టివేళ ఇక నీ మందు కొని ప్రయోజనము లేదని అమ్మువాడు చెప్పు ఒక్క నిజము, అతని లాభమునకు నష్టమైనను, ఒక కుటుంబమును నిలుపగలదు. అదను కొనుటకు ఈయవలసిన వెల యదియే. నేడు సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి పుకారును చదివినంతనే పదిమందికి పంపువారును ఇది యోచింపవలెను. వ్యర్థమైన ప్రతి మాటకు లెక్క యొప్పగింపవలసి యుండునని యేసు చెప్పినది నోటి మాటకే గాని వ్రేలి మాటకు గాదని యెవరనగలరు?

ఇంటిలోని యొక సంగతి చెప్పి ముగింతును. ఆదివారము విశ్రాంతిదినమని మన మందుము. ఎవరికి? ఆరు దినములు మిరపకోతకో పత్తితీతకో పోయి వచ్చిన ఇల్లాలికి ఏడవ దినమున ఇంటిపని రెట్టింపగును. నీళ్లు, వంట, బట్టలు, వచ్చిన చుట్టములు. మగవారు ఆరాధన ముగిసినపిదప అరుగుపై కూర్చుండి, అన్నమింకను కాలేదా యని కేకవేయుదురు. ఆ కేక యొక మాట. అది హరించునది ఆమె గడియ. ఏడు దినములలో ఒక దినము నాది యని గ్రామపెద్దల యెదుట నిలిచి చెప్పినవారి వారసులు, తమ యింటిలో ఆ మాట చెప్పలేని యొకరుండుటను చూడకుండుట తగునా? ఒక కడవ నీరు తెచ్చి, మన పళ్లెములను మనము కడిగి, అమ్మా, నీవును కూర్చుండుము అని యనుడు. ప్రసంగము చేయనేరని మగవాడును ఈ ప్రసంగము చేయగలడు.

కావున మీకు నా విన్నప మింతే. మాట యిచ్చునపుడు దినము చెప్పి ఇయ్యుడు. ఆ దినమున నెరవేర్పుడు. నెరవేర్పలేనిచో ఆ మనిషి ఇల్లు వెడలకమునుపే తెలియజేయుడు. కూలిని ప్రొద్దు గ్రుంకకమునుపే ఈయుడు. మీకంటె పెద్దవారిని, వారే కులమువారైనను, ఏ పనివారైనను, మీ యింటి పెద్దలను పిలిచినట్లు పిలువుడు. రాత్రి పడుకొనుటకు ముందు నేడు నా కాలమేమైనదని మాత్రమే గాక, నేడు నా మాటచేత ఎవరి కాలమేమైనదని కూడ మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు.

ప్రార్థింతము.

సకల జనులకు తండ్రివగు దేవా! మా దినములు నీ హస్తమునందున్నవి; పరుల దినములును నీ హస్తమునందే యున్నవని మాకు జ్ఞాపకము చేయుము. సూర్యుడు గ్రుంకు వేళ మా వాకిట నిలిచినవారిని వట్టిచేతులతో పంపకుండ మమ్ము కాపాడుము. మా నోట దయను, సత్యమును ఉంచుము. నీవు సోదరులని పిలిచినవారిని మేమును సోదరులని పిలుచునట్లు చేయుము. ఆమేన్.